సారుగారి వాటా

"సంచి నిటారుగా పట్టుకోండి, ఒలికిపోతుంది. పైగిన్నెలోది మీ సారుకి," అంది భార్య.

"ప్రతివారం ఆయనకెందుకే?" నసిగాడు ఇంజనీరు.

"ఆదివారం పూట కూడా ఇంట్లో కూర్చోబెట్టుకుని మీకు చెప్పే మనిషి. ఆమాత్రం పెట్టొద్దూ?"

ఇంజనీరు నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీకి చేరాడు. ఊరి పైపుల్లో నీళ్ళు ఎక్కడ వృథాగా కారిపోతున్నాయో కనిపెట్టడం అతని పరిశోధన. తన ఆదివారాలు ఎక్కడ కారిపోతున్నాయో మాత్రం అతనొక్కడికే తెలుసు. ఊరవతల కాలవ గట్టున గాలం వేసుకుని కూర్చుంటే వారమంతా ఆఫీసులో తిన్న చీవాట్లు మరిచిపోతాడు. పడ్డ చేపను మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తాడు. గైడు గారింట్లో చేపలు పడుతున్నాయా అని ఇంట్లో అడిగితే ఏం చెప్పుకోవాలి? ఆకలేశాక తన గిన్నె, సారుగారి గిన్నె రెండూ తనే ఖాళీ చేస్తాడు.

థీసిస్ మొదటి అధ్యాయం దాటలేదు. శనివారం సాయంత్రం గైడుకి ఫోన్ చేసి, "సార్, ఈ వారం కూడా కుదిరేలా లేదు," అంటాడు.

"దానికేముందయ్యా! నిదానమే ప్రధానం. రాశాకే రండి," అంటాడాయన, చిన్న విసుగైనా లేకుండా. ఆ మంచితనమే ఇంజనీరుకి ముల్లులా గుచ్చుకునేది.

ఆవేళ చెప్పులు వేసుకుంటుంటే, బళ్ళో టీచరుగా చేసే భార్య మామూలుగా అంది. "హెడ్మిస్ట్రెస్ ప్రమోషన్ వద్దని చెప్పేశానండీ. వేరే ఊరు వెళ్తే మీ చదువు మూలపడుతుంది."

"నాతో ఒక్కమాట అనకుండానా?"

"అంటే ఒప్పుకోరుగా. అయినా మీరు డాక్టరైతే నేనైనట్టు కాదూ?"

ఇంజనీరు సంచి పట్టుకుని బయటపడ్డాడు. అలవాటు కొద్దీ కాలవ గట్టుకి వెళ్ళాడు గానీ గాలం ముట్టబుద్ధి కాలేదు. గిన్నె మూత తీస్తే ముద్ద దిగలేదు. నమ్మినదాని నోటికాడి కూడు కాలదన్నానే అని సిగ్గుతో చచ్చిపోయాడు. ముందు సారు కాళ్ళ మీద పడి నిజం చెప్పెయ్యాలి. ఆయన ఉంచినా, తీసేసినా సరే. ఆ తర్వాత ఇంట్లో చెప్పాలి. సారుగారి గిన్నె పట్టుకుని, మొట్టమొదటిసారి ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు.

సారు భార్య తలుపు తీసింది.

"నేనమ్మా, సారు దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఇంజనీరుని."

ఆవిడ ముఖం మాడిపోయింది. "ఓహో! ఆ మహానుభావులు తమరేనా?"

తన బండారం ఈవిడ దాకా వచ్చేసిందన్నమాట. ఇంజనీరు తల దించుకున్నాడు.

"తప్పంతా నాదేనమ్మా. ఇన్ని ఆదివారాలు పాడుచేశాను."

"ఇప్పటికి తెలిసొచ్చిందా? మీ చదువేమో గానీ నా ప్రాణం తీస్తున్నారు. ఆదివారం వస్తే చాలు, ఈ ఇంట్లో మీ గొడవే."

భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది ఇంజనీరుకి. ఇంత విసిగించినా ఆ మహాత్ముడు ఫోన్లో ఒక్కసారి కూడా బయటపడలేదే!

"సారుని ఒక్కసారి పిలవండమ్మా. క్షమించమని అడిగి వెళ్ళిపోతాను."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"పొద్దుననగా మీ ఇంటికే బయల్దేరారు కదండీ!"