పదో వంతు

సైన్సు టీచరు బోర్డు మీద బాణాలు గీసింది: నాచు, నీటిపురుగు, చిన్న చేప, పెద్ద చేప.

"తిన్నదాంట్లో పదో వంతే ఒంటపడుతుంది పిల్లలూ. మిగతాది చాలావరకు వేడిగా పోతుంది."

చూపిద్దామని గాజుతొట్టి మీది గుడ్డ తీస్తే పెద్ద చేప లేదు.

"చిన్నవన్నీ మింగేసిందమ్మా. ఇక దానికి తిండేదీ? శక్తి వృథా ఎందుకని కూర వండేశా," అంది ఏటా గుమ్మంలో నిలబడి ఈ పాఠం వినే ఆయా.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! రేపు తనిఖీకొచ్చేవాళ్లకి ఏం చూపించను? ఎవరు తిన్నారు దాన్ని?"

ఆయా సుద్దముక్క అందుకుని, పెద్ద చేప పక్కన ఇంకో బాణం గీసి "టీచరమ్మ" అని రాసింది.

"మధ్యాహ్నం మీరేగా గిన్నె ఊడ్చేసి, ఇంకా ఉందా అనడిగారు?"

టీచరుకి ముచ్చెమటలు పట్టాయి.

ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది. "టీచర్, వేడి బయటికి పోతోంది!"