ఆ మూడు రాత్రులు

నయన వస్తానన్న టైముకు ముందే అమృతరాజు మిషన్ను తుడిచి, మంచం పక్కన స్టూలు మీద పెట్టాడు. మాస్కు గొట్టం మెలిక పడలేదు కదా అని రెండుసార్లు చూశాడు. కుర్చీలోని అమ్మాయి వీపు వెనక దిండు సర్దాడు.

"భయపడొద్దమ్మా. మిషను గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పు," అన్నాడు.

"సరే అప్పా."

ఆర్నెల్ల పరిశోధన ఇవాళతో ముగుస్తుంది. కండరాలు కొద్దికొద్దిగా చచ్చుబడే అరుదైన జబ్బు ఉన్నవాళ్ళు ముప్ఫైమందికి బెంగళూరు కాలేజీ ఒకటి ఊపిరి మిషన్లు ఇచ్చింది. పడుకున్నప్పుడు గాలి లాగే బలం వాళ్ళ ఛాతీకి ఉండదు. ఆ పని మిషను చేస్తుంది. ఇంట్లో ఇలాంటిది పెడితే మనుషులు ఎంతవరకు ఒప్పుకుంటారు, ఎందుకు ఒప్పుకోరు అన్నదే నయన చదువు. సరిగ్గా వాడినవాళ్ళకు మిషను ఇక సొంతం. వాడనివాళ్ళ దగ్గర్నుంచి ఇవాళే పట్టుకుపోతారు.

కాగితంలో ఆ నిబంధన చదివినప్పటి నుంచి అమృతరాజుకు వేరే ఆలోచన లేదు. ఆలోచనే కాదు, ఆకలి కూడా సరిగ్గా తెలియడం లేదు.

నయన బంగారుపేటలో రైలు దిగి ఆటోలో వచ్చింది. ఈ ఇల్లు ఆమెకు కొత్త. మొదట్లో ఆమె తరఫున పేర్లు రాసుకున్న వసంత్ ఉద్యోగం రావడంతో వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఆమె నెలకోసారి ఫోనులో అడగడం, అమృతరాజు జవాబు చెప్పడం.

ఫైలు తెరిచింది. జిరాక్సులో జూలీ ఫోటో నల్లగా అలుక్కుపోయి, జడ ఒక్కటే కనిపిస్తోంది.

"దీంట్లో ఎవరున్నా ఒకటేనంకుల్," అని నవ్వింది. అమృతరాజు కూడా నవ్వాడు. నవ్వి చాలా రోజులైనట్టుంది, దవడ నొప్పి పెట్టింది.

గోడ మీద అంతోనమ్మ పటం, దానికి పూసల దండ. పక్కన ఖాళీ మేకు. పటంలో ఎవరని నయన అడిగింది. తన భార్య అనీ, పోయి ఆరేళ్ళయిందనీ చెప్పాడు. ఆమె అయ్యో అనలేదు. లేచి, ఓ పక్కకు జారిన పూసల దండను సరిచేసింది. అది ఆయనకు హాయిగా అనిపించింది.

"మిషను వాడేదానికి సులువుగా ఉండాదా? ఒకటి నుంచి ఐదు దాకా మార్కులెయ్యి జూలీ."

అమ్మాయి కాస్త ఆగి, "ఐదు," అంది.

రెండో ప్రశ్నకూ ఐదే. మూడో దానికీ అంతే. నయన పెన్ను కింద పెట్టింది. ఈ జిల్లాలో యాడికి పోయినా ఇదే గోలని చెప్పుకొచ్చింది. ఎండన పడి వచ్చిన పిల్లకు తక్కువ వేస్తే బాగుండదని అందరూ ఐదు వేస్తారు. మాలూరులో ఒక అవ్వయితే కాఫీ ఇచ్చి ఆరు వేసింది.

"నాకు కాదు తల్లీ, మిషనుకు వెయ్యి."

అమ్మాయి ఈసారి ఆలోచించింది. "మాస్కుకు రెండు. ముక్కు మీద గిల్లతాది. చప్పుడుకు నాలుగు. పురుగులు ఆకు మేసే చప్పుడు మాదిరి ఉండాది, నిద్ర పడతాది."

"పట్టుపురుగులా? ఈ మైన్స్ లైన్ ఇండ్లల్లో నువ్వు యాడ చూసినావు?"

అమ్మాయి అమృతరాజు వైపు చూసింది.

"వాళ్ళమ్మ తరఫువాళ్ళు పెంచుతారమ్మా," అన్నాడు అమృతరాజు.

నయన తలూపి, ల్యాప్‌టాప్ తీసి మిషనుకు వైరు తగిలించింది. ఏ రాత్రి ఎన్ని గంటలు నడిచిందో మిషనే గుర్తు పెట్టుకుంటుంది. చూస్తూ చూస్తూ ఆమె ముందుకు వంగింది.

"మొదటి మూడు నెల్లు రాత్రికి గంట, గంటన్నర. తర్వాత మూడు రాత్రులు అసలు ఆన్ చెయ్యనే లేదు. నాలుగో రాత్రి నుంచి ఎనిమిదేసి గంటలు, ఒక్కరోజూ తప్పలేదు." తలెత్తింది. "ముప్ఫైమందిలో ఇట్లా ఎవరూ మారలేదంకుల్. ఆ మూడు రాత్రుల్లో ఏమైంది? నా థీసిస్‌కు కావాల్సింది అదే."

అమృతరాజు కిటికీలోంచి చూశాడు. గనుల మట్టి గుట్టలు ఎండకు తెల్లగా ఉన్నాయి.

"ముందు మాస్కు పెరికి పారేస్తా ఉండె. నేను బలవంతం చేస్తా ఉంటిని. అరిచినాను కూడా," అన్నాడు. "ఆ తర్వాత ఇంగ అరవలేదమ్మా."

నయన గబగబా రాసుకుంది: ఒత్తిడి తగ్గాక అంగీకారం పెరిగింది.

ఆఖరి ప్రశ్న మిగిలింది. ఇక ముందు కూడా ఇది కావాలా?

"ఇది రాకముందు గోడకానుకొని కూసోనే నిద్రపోతా ఉంటిని," అంది అమ్మాయి. "పండుకుంటే ఎద మీద ఎవరో ఎక్కి కూసున్నట్టుండె. దీన్ని తీసుకుపోవద్దక్కా."

నయన మార్కు అడగలేదు. సంతకం పెట్టేసింది. ఆ మూడు రాత్రుల లోటును లెక్కలోకి తీసుకోనంది.

"మిషను మీదే అంకుల్."

గడప దగ్గర చెప్పులేసుకుంటూ వసంత్ చెప్పిన సంగతి ఒకటి గుర్తు చేసుకుంది. పేర్లు రాసుకున్న రోజు వీళ్ళతోపాటు బెంచీల మీద కూర్చున్న వాళ్ళలో పదిమందిని మిషన్లు చాలక తిప్పి పంపేశారట. వాళ్ళేమైనారో అంది. అమృతరాజు ఎండగా ఉందని గొడుగు పట్టి ఆటో దాకా దిగబెట్టాడు.

ఆటో మలుపు తిరిగాక ఆయన, ఆ రోజు బెంచీ మీద తమ పక్కనే కూర్చుని ఉత్త చేతులతో తిరిగిపోయిన లక్కూరు మునిశామప్పకు ఫోను చేసి, "మీ చంద్రికనూ మిషన్నూ సాయంత్రానికి తెచ్చి దించుతానప్పా, ఇంగ దాన్ని ఎవరూ అడగరు," అని చెప్పి, ఆ మూడు రాత్రుల్లో మొదటి రాత్రి తన కూతురు జూలీ కన్నుమూసిన మంచం మీద కాసేపు కూర్చున్నాడు.