తెరుచుకోని అద్దాలు

మెట్ల మీద తండ్రిని చూడగానే అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీకి ఒళ్ళు మండిపోయింది.

పెద్దాయన బనియనుతో కూర్చుని ఉన్నాడు. నెత్తిన తడి తువ్వాలు. పక్కనే ఎవరో ముసలావిడ నీళ్ళ సీసా పట్టుకుని ఉంది.

"ఎవరు నువ్వు? మా నాన్నను దిక్కులేనివాడిలా మెట్ల మీద కూర్చోబెట్టడానికి నువ్వెవరు?"

"కరెంటు పోయింది బాబూ. లోపల కొలిమిలా ఉంది. గట్టిగా కొడితే మీ నాన్న ఎలాగో తలుపు తీసి గుమ్మంలోనే కూలబడ్డారు."

"మా తలుపు కొట్టమని నీకెవరు చెప్పారు?"

"ఒరే, ఆవిడ రాబట్టే నేను..." అన్నాడు పెద్దాయన.

"నువ్వుండు నాన్నా!"

ముసలావిడ సీసా పెద్దాయన చేతిలో పెట్టి, పక్కింటి తలుపు తట్టడానికి వెళ్ళింది. సెక్రటరీ ఆమె రెక్క పట్టుకుని కింద దాకా దించాడు.

అది అవార్డు వచ్చిన మేడ. కరెంటు ఆదా చేసే భవనాల్లో మేటి అని హాల్లో పెద్ద బోర్డు ఉంది. గోడ ఉండాల్సిన చోటల్లా అద్దమే. ఒక్క కిటికీ తెరుచుకోదు. తెరుచుకుంటే ఏసీ చల్లదనం బయటికి పోతుందట, లెక్కలు చెడిపోతాయట. పొగ వస్తుందని జనరేటర్ పెట్టలేదు. పైన సోలార్ పలకలున్నాయి. అవి హాల్లో దీపాలకూ, ఆ బోర్డుకూ!

మరి కరెంటు పోయి, ఎండ పడమటికి వాలి, అద్దాల మీద పడితే లోపలివాళ్ళ గతేమిటి? ఎవరికీ తట్టలేదు అంటే అబద్ధం. కింది ఇంటి టీచరమ్మ మీటింగులో అడిగింది.

"పడమటి గదులకైనా తెరుచుకునే కిటికీలు పెట్టించండి. అద్దాలకు బయట నీడ పట్టేలా ఏదైనా కట్టించండి."

"అవార్డు పోతుంది మేడమ్! రేటు పడిపోతుంది. మీకేం, అద్దెకున్నారు," అని ఆమె నోరు మూయించింది ఈ సెక్రటరీయే. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. చదువుకున్నవాళ్ళే అందరూ.

ముసలావిడ సంగతి పగలు ఇళ్ళలో ఉండేవాళ్ళందరికీ అప్పటికే తెలుసు. మధ్యాహ్నం కరెంటు పోతే చాలు, ఊడిపడేది. పడమటి వైపు తలుపులే తట్టేది.

"నీళ్ళు తాగారా? బయటికొచ్చి మెట్ల మీద కూర్చోండి."

నిద్ర చెడిందని విసుక్కున్నవాళ్ళే గాని, కూర్చోమని కుర్చీ వేసినవాళ్ళు లేరు. పిచ్చిదన్నారు. ఇళ్ళు చూసుకుపోవడానికొచ్చిన దొంగన్నారు. తలుపులమ్మ అని పేరు పెట్టి నవ్వుకున్నారు.

సెక్రటరీ వాచ్‌మన్‌ను పిలిచాడు.

"ఆ మనిషి ఇంకోసారి గేటు దాటిందా, నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఆవిడ మంచిదే సార్, ఎవరినీ ఏమీ..."

"నిన్ను అడిగానా?"

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ముసలావిడ రొప్పుతూ వచ్చింది. వాచ్‌మన్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నన్ను రానివ్వకపోతే పోనీ. నువ్వే వెళ్ళి తలుపులు కొట్టు నాయనా. ఆ పెద్దాయన పగలంతా ఒంటరిగా ఉంటాడు."

"గేటు వదిలితే నా కూడు పోతుంది పెద్దమ్మా."

ఆమె అక్కడి నుంచే గొంతు చించుకుని అరిచింది. గాలే దూరని అద్దాల్లోంచి కేక ఎలా దూరుతుంది?

సాయంత్రం సెక్రటరీ ఇంటికొచ్చి పడమటి గది తలుపు తీశాడు. వేడి ముఖాన కొట్టింది. పెద్దాయన మంచం మీదే ఉన్నాడు. కొడుకు ఎంత పిలిచినా పలకలేదు. డాక్టరు వచ్చి, ప్రాణం పోయి చాలాసేపయిందన్నాడు.

సెక్రటరీ కిందికొచ్చి వాచ్‌మన్ మీద విరుచుకుపడ్డాడు.

"ఏం చేస్తున్నావురా? ఒక్కసారి పైకెళ్ళి చూడలేకపోయావా?"

"ఆవిడ గేటు దాటితే ఉద్యోగం ఊడుతుందన్నారు కదా సార్, గేటు వదిలి ఎలా వెళ్ళను? ఆ పెద్దమ్మ వచ్చింది. కరెంటు వచ్చేదాకా ఎండలో ఊచలు పట్టుకుని ఏడ్చింది."

"నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

"చేశాను సార్. అవార్డు గురించి మాట్లాడుతున్నా, విసిగించకని పెట్టేశారు."

సెక్రటరీ జేబులోంచి ఫోను తీసి చూసుకున్నాడు.

అంత్యక్రియలయ్యాక బిల్డరు పరామర్శకు వచ్చాడు. కుర్చీలో కూర్చోబోతుంటే సెక్రటరీ లేచి కాలరు పట్టుకున్నాడు.

"ఇల్లు కట్టావా, పొయ్యి కట్టావా? మనుషులుంటారని తెలియదా నీకు? ఇలా ఉడికి చస్తారని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నీకు చెప్పలేదా?"

ఇంట్లోవాళ్ళు విడిపించబోయారు. బిల్డరు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"చెప్పారు."

"ఎవరు?"

"ప్లాను గీసిన రోజే చెప్పింది మా అమ్మ. నీకేం తెలుసు ఊరుకోమన్నాను. అప్పటి నుంచి నా ఇంట్లో ఉండటం మానేసింది. నేను కట్టిన మేడలున్న ఈ వీధిలోనే చిన్న గది తీసుకుని ఉంటోంది."

సెక్రటరీ చేతిలో కాలరు వదులైంది.

బిల్డరు తల ఎత్తలేదు.

"మొన్న మీ గేటు దగ్గర మీరు ఆపించింది మా అమ్మనే సార్."