ఐదో గుడ్డు

ఎర్రపుంజు కూస్తేనే సూర్యుడు లేస్తాడని ఊరంతా పేరు. ఆ పేరు ఊరంతా చాటుకున్నదీ ఎర్రపుంజే. నిన్న ముసురులో అతగాడు నిద్రపోతే, సూర్యుడు మాత్రం తన వేళకే లేచాడు.

ఇవాళ అతని వేళాకోళం, చర్చి వెనక గంపలో పొదుగుతున్న నల్లపెట్ట మీద పడింది. ఐదు గుడ్లలో నాలుగు ఇరవై ఒకటో రోజునే పిల్లలయ్యాయి. ఇవాళ ఇరవై మూడో రోజు. ఐదోది ఉలకదు, పలకదు.

"పిన్నీ, అది గుడ్డా, గులకరాయా? ఇక లే! పిల్లలు ఆకలని గోల పెడుతున్నాయి. నీ ప్రభువు దీని సంగతి మరిచిపోయాడులే."

"మరిచిపోలేదురా. ఒక్కటి కూడా నశించకూడదని ఆగుతున్నాడు. ఇప్పుడు నేను లేస్తే ఇది చల్లారిపోతుంది" అంది పెట్ట, గుడ్డు మీద రెక్క సర్దుకుంటూ.

"సరే, సాయంత్రం ప్రార్థన గంట దాకా చూస్తా. తర్వాత పడీపడీ నవ్వుతా" అన్నాడు పుంజు. వాటి గోల భరించలేకే అని చెప్పుకుంటూ, పిల్లలకి పురుగులు గీరిపెడుతూ గంప చుట్టూనే తిరిగాడు.

గంట మోగింది. పుంజుకి నవ్వు రాలేదు. అంతలో టిక్కుమని పెంకు చిట్లి, తడి ముక్కు ఒకటి బయటికొచ్చింది.

"హమ్మయ్య!"

అన్నది పెట్ట కాదు, పుంజు.

"నీకెందుకురా అంత హమ్మయ్య?" అంది పెట్ట.

పుంజు తోక సర్దుకుని గొణిగాడు. "ఏం లేదు పిన్నీ... నేను పుట్టింది ఇరవై నాలుగో రోజున. లేచి పొమ్మని అందరూ పోరినా మా అమ్మ లేవలేదట."