అర్థమైంది సార్

ఆటో ఎక్కబోతున్న నాన్న చెయ్యి ఎవరో పట్టుకుని వెనక్కి లాగారు.

పెద్దకూతురు గిరుక్కున తిరిగింది. దుప్పటి కప్పుకున్న బక్కమనిషి. కాళ్ళకి చెప్పుల్లేవు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నిలబడలేక తూలుతున్నాడు.

"చెయ్యి తియ్యవయ్యా! ఎవరు నువ్వు?"

"వెళ్ళకండి... డాక్టరు ఆ మాట... అన్నాడే..."

"ఏ మాట?"

"ఎగ్జా...సర్బేషన్." ఆ ఒక్క మాటకే ఆయాసపడి ఆటో కమ్మీ పట్టుకున్నాడు. "అంటే ఏంటో... అడిగారా?"

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. అసలే ముక్కు మీద కోపం. దానికి తోడు ఆసుపత్రి వరండాలో నిద్రలేని రాత్రి. రాత్రిపూట మగవాళ్ళ వార్డులోకి ఆడవాళ్ళని రానివ్వరు కాబట్టి, డాక్టరు మాట విన్నది తమ్ముడు.

"ఏరా, డాక్టరు చెప్పింది నీకు అర్థమైంది కదా?"

"అర్థమైందక్కా. అదేదో దగ్గు పేరు. తగ్గిపోయిందిగా, చూడు నాన్నని!"

వాడి మొహం, వాడికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. డాక్టరు ఆ మాట అనేసి పక్క మంచానికి వెళ్ళిపోతుంటే, "అర్థమైంది సార్" అని తలూపాడు. ఆ ఇంట్లో అందరూ అంతే. చదువుకున్నవాళ్ళు ఏదైనా చెబితే ఎదురు ప్రశ్న వెయ్యడం అమర్యాదట!

పొద్దున్నే నాన్నకి కాస్త తేలికపడింది. "నాకేంట్రా, గుండ్రాయిలా ఉన్నాను, ఇంటికి పోదాం పదండి" అని ఒకటే గోల. నర్సులు డ్యూటీ మారే సందట్లో చెప్పాపెట్టకుండా బయటపడ్డారు.

"ఉన్న జబ్బే... తిరగబడ్డం... అమ్మా. ఇంటికెళ్తే..."

"పొద్దున్నే తాగొచ్చి నాకు వైద్యం చెబుతావా? వాచ్‌మన్! ఇలాంటివాళ్ళని లోపలికెలా రానిస్తారయ్యా?"

తమ్ముడు ఒక్క తోపు తోశాడు. వాచ్‌మన్ రెక్క పట్టుకుని గేటు బయటికి ఈడ్చుకుపోయాడు.

"అడగండమ్మా..."

"అడుగుతా! అడిగొచ్చి నీ సంగతి చెబుతా!"

విసవిసా లోపలికి నడిచింది. డాక్టరు ఆవిడకన్నా కోపిష్టి.

"ఎవరు తీసుకెళ్ళమన్నారు మీ నాన్నని? ఊపిరితిత్తుల్లో పాత జబ్బు ఒక్కసారిగా ముదిరిందమ్మా, అదీ దానర్థం! మందు పని చేసినంతసేపు బాగానే ఉంటుంది. ఇంటికి చేరేలోపే ప్రాణం పోతుంది. అర్థమైంది సార్ అన్నాడే మీ తమ్ముడు, ఏం అర్థమైంది?"

"ఈ నాలుగు ముక్కలూ నిన్ననే చెబితే మీ సొమ్మేం పోయింది?" అని అరిచింది ఆవిడ.

డాక్టరు అప్పటికే ఆటో వైపు పరుగెత్తాడు.

నాన్నని మళ్ళీ మంచం మీద పడుకోబెట్టి ఆక్సిజన్ మాస్క్ పెట్టేసరికే ఆయన పెదాలు నల్లబడుతున్నాయి. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో!

తాగుబోతైతేనేం, మహానుభావుడు. వెళ్ళి రెండు చేతులూ పట్టుకుని క్షమించమని అడగాలి.

వార్డు గుమ్మం దాటేలోపే స్ట్రెచర్ ఎదురొచ్చింది. తలదాకా అదే దుప్పటి. తోస్తున్న వాచ్‌మన్ ఆవిడ మొహం చూడలేకపోయాడు.

"మంచం దిగొద్దని లక్షసార్లు చెప్పానే!" నర్సు ఏడుస్తూ కేకలేసింది. "ఎవరు వెళ్ళనిచ్చారు ఈయన్ని?"

ఆయా వచ్చి నాన్న మంచం పక్కనున్న తెర లాగింది. అవతల మంచం ఖాళీగా ఉంది.

"ఈయనకీ అదే జబ్బు కదమ్మా," అంది ఆయా ఆవిడతో. "'ఆ పెద్దాయన్ని తీసుకెళ్ళిపోతున్నారు, ఆపండి' అని తెర వెనకనుంచి ఎంత మొత్తుకున్నా ఒక్కరూ పలక్కపోతే, తన మాస్క్ తనే పీకేసుకుని మీ వెనకాలే వచ్చాడు."