పోయినాయన అభిప్రాయాలు

“పోయినవాళ్ళు ఉత్తరాలు రాయరమ్మా! మీ ఆయన పేరుతో ఎవరో రాస్తున్నారు. అదెవరో నాకు తేలాలి, అదీ సాయంత్రం లోపల!”

కుర్చీ చూపించినా కూర్చోకుండా, వచ్చీ రాగానే మొదలుపెట్టాడు సంపాదకుడు.

అతను నడిపేది ఒక పరిశోధన పత్రిక. దానికి వచ్చే ప్రతి వ్యాసాన్నీ, ఆ విషయం బాగా తెలిసిన సమీక్షకుడొకరు ముందు చదివి, వేసుకోవచ్చో లేదో చెప్పాలి. రాసినవాళ్ళెవరో సమీక్షకుడికి తెలుస్తుంది గానీ, సమీక్షకుడెవరో రాసినవాళ్ళకి తెలియనివ్వరు. ఏళ్ళ తరబడి ఆ పత్రికకి నమ్మకమైన సమీక్షకుడు ఈ ఇంటి ప్రొఫెసరుగారు. మొన్న ఆయన పేరుతో వచ్చిన అభిప్రాయాన్ని బట్టే ఓ పెద్దమనిషి వ్యాసాన్ని తిప్పి పంపారు. అది ఎవరి పనో ఎలా పసిగట్టాడో గానీ, ఆ పెద్దమనిషి తిన్నగా ప్రచురణ సంస్థకే ఫిర్యాదు చేశాడు. ‘రెండేళ్ళ కిందట పోయినాయన నా వ్యాసం ఎలా చదివాడండీ?’ అని.

ఆయన పోయిన సంగతి సంపాదకుడికి తెలిసిందే ఆ ఫిర్యాదుతో. ఇన్నేళ్ళూ ఈమెయిళ్ళే తప్ప ముఖాముఖీ లేదు.

“ముందు కూర్చోండి బాబూ,” అంది ప్రొఫెసరుగారి భార్య.

“కూర్చునే తీరికెక్కడిదమ్మా! మా ప్రచురణ సంస్థవాళ్ళు గంటకి నాలుగుసార్లు ఫోన్ చేసి ప్రాణం తోడేస్తున్నారు.” అంటుండగానే జేబులో ఫోన్ గుర్రుమంది. తీసి చూసి, దాని నోరు నొక్కేసి, కిటికీ దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు. “ఆయన ఈమెయిలు ఇంకెవరు తెరుస్తారు? శిష్యులెవరైనానా?”

“వాళ్ళెవరూ కాదు.”

“మరి?”

“నేనే రాశాను.”

సంపాదకుడు ఆవిడని ఎగాదిగా చూశాడు. “మీరా? ఆ లెక్కలూ, పట్టికలూ... మీకెలా?”

“ఆయనా నేనూ ఒకే క్లాసులో చదువుకున్నాం. మార్కులు నాకే ఎక్కువొచ్చేవి.” ఆవిడ ఆ మాట గొప్పకి అన్నట్టు లేదు. “ఇంతకీ ఆ వ్యాసం మీరు చదివారా?”

“చదవకేం?”

“నాలుగు వందల బావుల్లో నీళ్ళు పరీక్షించామన్నారు. వచ్చిన కొలతలన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగిశాయి. నీళ్ళు మన మాట విని అంత బుద్ధిగా ఉంటాయా? ఒక్క బావి దగ్గరకీ వెళ్ళలేదు బాబూ వాళ్ళు. కూర్చున్న చోట అల్లేశారు. అది అచ్చయితే, మంచినీళ్ళేనట అని జనం తాగేస్తారు.”

సంపాదకుడు నుదురు తుడుచుకున్నాడు. ఆ పట్టికలు అతనూ రెండుసార్లు చూశాడు. ఆ సంగతి అతని కంటికి ఆనలేదు.

“మీరు పట్టుకున్నది నిజమే కావచ్చమ్మా. కానీ ఒకరి పేరుతో ఇంకొకరు రాయడం మోసం. మా నియమాల్లో దానికి క్షమ లేదు. దొంగ అంకెలు వేసినవాడికీ మీకూ తేడా ఏముంది?”

ఆవిడ ముఖం ఎర్రబడింది. “ఉంది. నేను ఒక్క అబద్ధం కూడా రాయలేదు.”

“కింద పెట్టిన పేరే అబద్ధం!”



ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తక తప్పలేదు. “ఆఁ, తేలిందండీ... ఆయన భార్యే... లేదండీ, వదిలే ప్రసక్తే లేదు. ఆవిడ సరేనంటే అచ్చువేసిన వ్యాసాలన్నీ వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటన వేసేద్దాం. అవునండీ, నాదే పూచీ.”

“వెనక్కి తీసుకుంటారా?” ఆవిడ కంగారుగా అడిగింది. “రాసినవాళ్ళేం చేశారు పాపం? నిజాయితీగా పనిచేసిన పిల్లలు. వాటిని చూపించుకుని ఉద్యోగాల్లో చేరి ఉంటారు.”

“చేరితే చేరనివ్వండి. ముఖాలు చూసి నియమాలు మార్చలేం.” సంచిలోంచి తెల్లకాగితాలు తీసి ఆవిడ ముందు పడేశాడు. “మీరు చూసి సరేనన్న వ్యాసాల పేర్లన్నీ రాసివ్వండి. ఒక్కటి దాచారని తర్వాత తేలినా మీ ఆయన పేరు బజారుకెక్కుతుంది.”

ఆవిడ కలం తీసుకుంది. ఏ పుస్తకమూ తిరగెయ్యలేదు. కొత్తవాటి నుంచి పాతవాటికి, తేదీతో సహా రాసుకుంటూ పోయింది. సంపాదకుడు ఆ గదిలోనే ఇటూ అటూ తిరుగుతున్నాడు. వాచీ చూసుకుంటున్నాడు. మొదటి కాగితం నిండింది. రెండోదీ నిండింది. అతను గబగబా వచ్చి వంగి చూశాడు.

“ఈ రెండేళ్ళలో మేం పంపినవి పద్నాలుగేనమ్మా! ఇవన్నీ ఆయన బతికుండగా పంపినవి!”

“ఆయనకి తీరికెప్పుడుండేది బాబూ? పాఠాలు, సభలు, ప్రయాణాలు. మీ ఉత్తరం రాగానే నా ముందు పెట్టేవారు. సంతకం ఆయనది.”

సంపాదకుడు కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ మూడో కాగితం అందుకుంది. అడుగుదాకా వచ్చి కలం ఆపింది.

“ఇంకొక్కటే ఉంది. నేను మొట్టమొదట చూసింది. ఇది వదిలేయనా?”

“బేరాలొద్దమ్మా.”

“మీ మంచికే అడుగుతున్నాను.”

“నా మంచి నేను చూసుకుంటాను. ఎవరిదైనా సరే, రాయండి!”

ఆవిడ నిట్టూర్చి, రాసి, కాగితం అతని వైపు తిప్పింది: ఇరవై రెండేళ్ళ కిందటి తేదీ, పక్కన ఇదే పత్రికలో అచ్చయిన, సంపాదకుడు రాసిన మొట్టమొదటి వ్యాసం పేరు.