ఓడినవాడి ఓట్లు

"ఆ బోర్డులో మూడు అంకెలు తక్కువున్నాయండీ."

నిచ్చెన మీదున్న పెయింటర్ చెయ్యి ఆగింది. రంగుల షాపు షావుకారు తలెత్తాడు.

గుమ్మంలో ఒక పెద్దాయన. ఉతికిన చొక్కా, అరిగిన చెప్పులు. కొనే బేరం కాదని షావుకారు ఒక్క చూపులో తేల్చేశాడు.

"ఏం తక్కువ? మొదటి ఎన్నిక నుంచి మొన్నటిదాకా గెలిచినవాళ్లందరూ ఉన్నారు. లైబ్రరీలో చూసి మరీ రాయిస్తున్నాం."

"గెలిచినవాళ్లున్నారు బాబూ. నాలుగు, ఐదు, ఆరు ఎన్నికల్లో ఓడినతని ఓట్లు కూడా రాయించండి."

షావుకారుకి చిరాకేసింది. అసలే ఊపిరాడటం లేదు.

నియోజకవర్గాల హద్దులు మారుస్తున్నారు. ఈ నియోజకవర్గాన్ని ఎత్తేసి పక్క పట్నంలో కలిపేస్తారట. అదే జరిగితే కోర్టు పోతుంది, రిజిస్ట్రేషన్ ఆఫీసు పోతుంది, వాటి కోసం వచ్చే జనం పోతారు. ఆ తర్వాత బజారంతా ఈగలు తోలుకోవాల్సిందే.

విచారణ ఎల్లుండి. మా చరిత్ర ఇదీ అని అధికారుల ముందు నిలబెట్టడానికే వర్తక సంఘం అధ్యక్షుడిగా ఆయన ఈ బోర్డు రాయిస్తున్నాడు.

"చూడండి పెద్దాయనా, షాపు బోర్డు మీద అమ్ముడయ్యే సరుకు పేరు రాస్తాం. అమ్ముడుపోనిది రాస్తామా?"

"అమ్ముడుపోకపోయినా షాపులో ఉంది కదండీ!"

పెయింటర్ కిసుక్కున నవ్వాడు.

"ఇంతకీ ఎన్నొచ్చాయేంటి ఆ మహానుభావుడికి?"

"మొదటిసారి తొమ్మిది. తర్వాత పదకొండు. ఆ తర్వాత పదిహేడు."

"పదిహేడు వేలా?"

"కాదండీ. పదిహేడే."

ఈసారి షావుకారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఇంట్లోవాళ్లు కూడా వేసినట్టు లేదే! మూడుసార్లు నిలబడ్డాడంటే అతనికి బుర్రన్నా ఉండకూడదు, సిగ్గన్నా ఉండకూడదు."

"ఊరంతా అప్పుడు అదే అంది" అన్నాడు పెద్దాయన. "అయినా పెరుగుతూ వచ్చాయి కదండీ!"

"ఇవన్నీ మీకు నోటికెలా వచ్చు? ఎన్నికల ఆఫీసులో గుమాస్తాగా చేశారా?"

పెద్దాయన అవుననలేదు, కాదనలేదు.

"విచారణలో ఎవరైనా అడిగితే పనికొస్తాయి. పేరక్కర్లేదు. ఓట్లు రాయించండి చాలు."

"పేరుకి చోటు కూడా లేదులే తాతా" అన్నాడు పెయింటర్.

ఊరికే వచ్చే సరుకును కాదనే అలవాటు షావుకారుకి లేదు.

"రాసెయ్యవయ్యా. డబ్బా అడుగున మిగిలిన రంగుతో రాసెయ్. ఒక్క పూత చాలు."

పెద్దాయన ఆ మూడు అంకెలూ పూర్తయ్యేదాకా నిలబడి చూసి, వెళ్లిపోయాడు.

విచారణ రోజు హాలు కిక్కిరిసింది. అధికారి కాగితాలు తిప్పుతూ, తలెత్తకుండానే అడిగాడు.

"మీ దగ్గర వరసగా మూడుసార్లు పోటీయే జరగలేదు. ఏకగ్రీవాలు ఎక్కువున్న నియోజకవర్గాలనే ముందు కలపమని నిబంధన. ఇంక మీరు చెప్పేదేముంది?"

వర్తకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షావుకారు బోర్డు వైపు తిరిగాడు. పైనుంచి కిందికి వెతికాడు. పలచటి రంగులో మూడు అంకెలు కనిపించాయి.

"పోటీ జరిగిందండీ! తొమ్మిది, పదకొండు, పదిహేడు. తక్కువే కావచ్చు. కానీ జనం వరసల్లో నిలబడ్డారు. ఓట్లేశారు. పెట్టెలు తెరిచి లెక్కపెట్టారు!"

అధికారి పాత దస్త్రాలు తెప్పించాడు. మూడూ విప్పి చూశాడు.

"నిజమే. పొరపాటు మాదే" అన్నాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. నియోజకవర్గం ఎక్కడికీ పోదు.

బజారు బజారంతా పండగ చేసుకుంది. షావుకారు సంఘం హాల్లో సభ పెట్టించాడు. వేదిక మీద రెండు కుర్చీలు వేయించాడు.

"రెండెందుకండీ?" అన్నాడు పెయింటర్.

"ఒకటి లెక్క చెప్పిన గుమాస్తా గారికి. రెండోది ఆ ఓడినాయనకి. బతికుంటే ఎక్కడున్నా వెతికి తెస్తాను. ఆయన పుణ్యమే మన బజారు. నవ్వినందుకు నలుగురిలో క్షమాపణ చెప్పుకోవాలి."

ముందు గుమాస్తా కోసం బయల్దేరాడు. ఆనవాళ్లు చెప్పి అడిగితే, బస్టాండు వెనక గదుల వరస చూపించారు. తలుపుకి తాళం వేసుంది. ఎదురుగా ఒకావిడ ఇస్త్రీ చేస్తోంది.

"అమ్మా, ఈ గదిలో పెద్దాయన..."

"ఇంకెక్కడి పెద్దాయన బాబూ! మొన్న నిద్రలోనే పోయారు. ముందురోజే పేపర్లో చదివారు, మన నియోజకవర్గం ఉంటుందని. ఎంత నవ్వారో! పిలిచి నాకు టీ కూడా తాగించారు."

షావుకారు అక్కడే అరుగు మీద కూలబడ్డాడు.

"ఎన్నికల ఆఫీసు వాళ్లకి కబురు చేశారా?"

"వాళ్లకెందుకు?"

"అందులోనే కదమ్మా ఆయన పనిచేసింది?"

"ఎవరు చెప్పారు? ఆయన గొడుగులు బాగుచేసేవారు."

"గొడుగులా?"

"ఊఁ. ఆ పనీ పోయిందిలే మధ్యలో. అప్పట్లో ప్రతిసారీ గెలిచే మిల్లు యజమానికి భయపడి మూడు వానాకాలాలు ఊళ్లో ఒక్కరూ ఆయనకి గొడుగివ్వలేదట. ఎందుకొచ్చిన గొడవ పెద్దయ్యా అంటే, ఎవరో ఒకరు నిలబడకపోతే జనానికి ఓటే ఉండదు కదమ్మా అనేవారు."

షావుకారు తిరిగి హాలుకొచ్చి, ఎవరినీ పిలవకుండా వేదికెక్కి, ఓట్లు గుర్తుపెట్టుకున్న మనిషికీ ఆ ఓట్లు తెచ్చుకున్న మనిషికీ కలిపి ఒక్క కుర్చీ ఉంచి రెండోది తీసేశాడు.